ఇరవై ఏడో నంబరు చీటీలు

మార్చి 4, మంగళవారం

సంఘానికి కొత్త తోట పుస్తకాలు వచ్చాయి. నలభై మంది సభ్యులకు నలభై ఒకటి పంపారు. ఎక్కువ వచ్చిన దాన్ని వెనక్కి పంపాలంటే దానికి మళ్ళీ ఒక కాగితం నింపాలి. కాగితాలు నింపీ నింపీ నా వేళ్ళు ఇప్పటికే వంకర తిరిగాయి. అందుకని దీన్ని నేనే ఉంచేసుకున్నాను.

నా దస్తూరీ బాగుంటుందని ఆరేళ్ళ కిందట సంఘం పెద్దాయన నలుగురిలో ఒక మాట అన్నాడు. ఆ పాపానికి ప్రతి శుక్రవారం అందరి పుస్తకాలూ నేనే రాస్తున్నాను. ప్యాకింగ్ షెడ్డులో బల్ల ముందు కూర్చుంటే ఒక్కొక్కరే వచ్చి చెబుతారు. ఎప్పుడు నీళ్ళు పెట్టారు, ఎప్పుడు కొమ్మలు కత్తిరించారు, ఏం చల్లారు, ఏం చల్లలేదు. వాళ్ళు చెప్పింది నేను రాస్తాను, వాళ్ళు సంతకం పెడతారు. తనిఖీకి వచ్చే అమ్మాయి ఆ పుస్తకాలు చూసి మా దానిమ్మకాయలు సముద్రం దాటాలో వద్దో తేలుస్తుంది.

అందరి సంగతులూ రాశాను. ఇది నాది. రాయాల్సిన సంగతి కూడా ఒకటుంది. రేపు రాస్తాను.

మార్చి 5

తీరిక లేదు.

మార్చి 6, గురువారం

తీరిక లేక కాదు. సరే, రాస్తాను. ముందొక మాట, నేను చేసింది తప్పు కాదు.

మా తోడికోడలికి నలభై దగ్గరపడుతున్నా ఇంట్లో అందరికీ అది చిన్నదే. అన్నదమ్ములు తోట పంచుకున్నప్పుడు గాలికి అడ్డంగా వేసిన సరుగుడు వరస మా వాటాలోకి వచ్చింది. వాళ్ళ వాటా పడమటి వైపు, బోడిగా. పంపకాల రోజు చిన్నది ఒక్క మాట అనలేదు. నేనే దాని స్థానంలో ఉంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. మొన్న ఫిబ్రవరిలో వడగళ్ళు పడ్డప్పుడు సరుగుళ్ళు మా కాయల్ని కాచాయి. దాని కాయలు పగిలి చెట్ల కింద నేలంతా ఎర్రగా అయింది.

సీజనుకు ముందు ఎవరికి వారు మొదటి కోతలో ఎన్ని క్రేట్లు ఇస్తారో మాట ఇవ్వాలి. వరసగా రెండేళ్ళు మాట తప్పితే సంఘంలోంచి పేరు తీసేస్తారు. నిరుడు చిన్నది ఆపరేషనై పడుకుని తప్పింది. ఈ ఏడు యాభై ఇస్తానంది. తీరా కోతల మూడు రోజులూ జ్వరంతో మంచం దిగలేదు. మరిది లారీ తోలుకుంటూ ఏ రోడ్డు మీద ఉన్నాడో వాడికే తెలియదు. కూలీలను పెట్టి రెండు తోటలూ నేనే కోయించాను. దాని చెట్లు ముప్పై తొమ్మిది క్రేట్లు ఇచ్చాయి.

గట్టు పక్కనున్న మా నాలుగు వరసల్లో ఈ ఏడు కాయ చూడముచ్చటగా వచ్చింది. ఆ వరసల పదకొండు క్రేట్లూ తీశాను. వాటి మీద మా సభ్యత్వ నంబరు, పద్నాలుగో నంబరు చీటీలు తీసేసి దాని ఇరవై ఏడో నంబరు చీటీలు పెట్టాను. మధ్యాహ్నం కూలీలు అన్నాలకు వెళ్ళినప్పుడు. దాంతో చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు, దానికి రోషం ఎక్కువ. దొంగతనమంటే ఇంకొకళ్ళది తీసుకోవడం. నేను నాది ఇచ్చాను.

షెడ్డు గోడ మీద 'ఎవరి కాయకు వారి చీటీ' అని ఎర్ర అక్షరాలు ఉంటాయి. రాసింది నేనే. చీటీలు మారుస్తున్నంతసేపూ ఆ గోడకు వీపు పెట్టి నిలబడ్డాను.

మార్చి 7, శుక్రవారం

చిన్నది కాళ్ళీడ్చుకుంటూ షెడ్డుకు వచ్చింది. దాని పుస్తకంలో 'మొదటి కోత ముగిసింది, యాభై క్రేట్లు' అని రాసి చదివి వినిపించాను.

"యాభయ్యా అక్కా?"

"యాభై. నీ చెట్లూ నీలాగే మొండి ఘటాలు."

అది కాసేపు నా మొహం వైపు చూసింది. తర్వాత సంతకం పెట్టి, "నీ చెయ్యి చల్లనిదక్కా" అంది. జ్వరం ఇంకా తగ్గలేదనుకుంటా, కళ్ళు తడిగా ఉన్నాయి.

మార్చి 9, ఆదివారం

"చిన్నదాని యాభై కోసం నువ్వంత హైరానా పడ్డావెందుకు? సంఘం కాకపోతే బజారు లేదా?" అన్నారు మా ఆయన. చీటీల సంగతి ఆయనకు తెలియదు. బజారు సంగతి తెలిసీ మర్చిపోయారు.

నేను మర్చిపోలేదు. తెల్లారేసరికి బుట్టలు దింపుకుని వరసగా కూర్చునేవాళ్ళం. దళారి కావాలనే ఎండెక్కాక వచ్చేవాడు. ఎప్పుడూ పూలచొక్కా. మా కాయ ఒకటి కోసి, నాలుగు గింజలు నోట్లో వేసుకుని, "పులుపు" అని ఉమ్మేసేవాడు. పది బుట్టలకు రెండు తరుగు కింద పక్కకు తోసేవాడు. కాటా ముల్లు వాడి వైపు ఉండేది. రేటు ఎంతని ఒకసారి ముందే అడిగాను. "రేటడిగే ఆడవాళ్ళ కాయలు ఇంటికే పోతాయి" అన్నాడు. పోయాయి. ఆ రోజు దారంతా బుట్ట నెత్తిన పెట్టుకుని చిన్నది నన్ను నవ్విస్తూనే ఉంది. "మన మేకలకు రాజభోగం పట్టిందక్కా, పళ్ళరసం తప్ప తాగవట ఇక" అని.

ఇప్పుడు మొదటి కాయ కోయకముందే రేటు షెడ్డు గోడ మీద ఉంటుంది. కాటా ముల్లు మా వైపు తిరిగి ఉంటుంది. సముద్రం అవతల మా మొహం ఎరగనివాడెవడో, పండించినవాళ్ళకు న్యాయం జరగాలని కాయకింత ఎక్కువ ఇస్తాడట. అప్పనంగా ఎవడిస్తాడు అని మొదట్లో నేనే ఎకసెక్కాలాడాను. ఆ ఎక్కువ సొమ్ముతోనే ఈ షెడ్డు, మంచినీళ్ళ ట్యాంకు, కూలీ ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టుకున్నాం. నిరుడు చిన్నది ఆపరేషన్ బల్ల మీదికి సకాలంలో ఎక్కిందంటే సంఘం వైద్య నిధి ఉండబట్టే.

దాన్ని మళ్ళీ ఆ పూలచొక్కా ముందు కూర్చోనివ్వను.

మార్చి 17, సోమవారం

పెద్దాయన కబురు పెట్టాడు. లారీ సరుకులోంచి పరీక్షకు తీసిన కాయల్లో నిషేధించిన పురుగుమందు ఆనవాలు దొరికిందట. ఒక్క నంబరు కాయల్లోనే.

ఇరవై ఏడు.

మార్చి 18

చిన్నది మందు కొట్టదు. దానికి మందు కొనే తెలివీ లేదు, కొట్టే ఓపికా లేదు. గాలికి వచ్చి ఉంటుంది. పడమటి వైపు తోటవాళ్ళు సంఘంలో లేరు, ఏది పడితే అది కొడతారు. గాలే.

ఇక్కడ ఇంకో సంగతి రాయాలి. దీనికీ దానికీ సంబంధం లేదు, ఊరికే రాస్తున్నాను. కోతకు పది రోజుల ముందు మా స్ప్రేయరు మోటారు కాలిపోయింది. బాగై వచ్చేలోగా మా ఆయన తన స్నేహితుడు మీసాలాయన దగ్గర స్ప్రేయరు తెచ్చారు. మీసాలాయన సంఘం మనిషి కాదు. బయటివాళ్ళ స్ప్రేయరు వాడకూడదని రూలు. నాలుగు వరసలకే వాడాం, అదీ వేపనూనె, సంఘం ఒప్పుకున్నదే. వాడేముందు మూడుసార్లు కడిగారు. మా పుస్తకంలో 'సొంత స్ప్రేయరు' అని రాశాను. నాలుగు వరసల కోసం పెద్ద రాద్ధాంతం ఎందుకని.

గట్టు పక్క నాలుగు వరసలు.

మార్చి 19

మూడుసార్లు కడిగారు. నీళ్ళు పోసింది నేనే.

మార్చి 20, గురువారం

అన్నం దగ్గర అడిగాను.

"స్ప్రేయరు ట్యాంకు కడిగారు సరే, పైపు కడిగారా?"

"ఏ పైపు?"

ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. నీళ్ళు పోసినదాన్ని నేనే కదా, నాకు మాత్రం గుర్తొచ్చిందా? చీటీల సంగతి అప్పుడు చెప్పాను. ఆయన కంచం పక్కకు జరిపారు.

"ఎవరడిగారే నిన్ను?" అన్నారు.

ఎవరూ అడగలేదు.

మార్చి 21, శుక్రవారం

తనిఖీ అమ్మాయి వచ్చింది. నా కూతురి ఈడు. నెమ్మదైన మనిషి, చెప్పులు గుమ్మం బయట విడిచి మరీ షెడ్డులోకి వచ్చింది. ఇరవై ఏడో నంబరు పుస్తకం ముందేసుకుని పేజీ పేజీ చదివింది. "మీ రాత ముత్యాల్లా ఉందమ్మా" అంది.

చిన్నదాన్ని పిలిచి అడిగింది. "నేనేం కొట్టలేదమ్మా" అంది చిన్నది. రెండోసారి అడిగినా అదే మాట. రూలు ప్రకారం ఆ నంబరును మూడేళ్ళు పక్కన పెడతారట. మిగతా ముప్పై తొమ్మిది మందికీ ఇబ్బంది లేదట.

వెళ్ళేటప్పుడు ఆమె వెనకే గేటు దాకా నడిచాను. "ఊరికే అడుగుతున్నానమ్మా, ఎప్పుడైనా పొరపాటున చీటీలు అటూ ఇటూ అయితే ఏం చేస్తారు?" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. ఆమె అప్పటికే కాగితాలు సంచిలో సర్దుకుంటోంది, నా మొహం చూడలేదు.

"ఒకరు మందు కొడితే ఆ ఒక్కరే పోతారు. చీటీ మారితే మాత్రం సంఘం మొత్తం పోతుంది. ఏ కాయ ఎవరిదో చెప్పలేని సంఘాన్ని కొనేవాళ్ళు ఎలా నమ్ముతారు? సర్టిఫికెట్ రద్దు చేయడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు."

ఆమె మంచిదే. రూలూ మంచిదే. పూలచొక్కాల నుంచి మమ్మల్ని కాపాడటానికి పెట్టిన రూలే అది.

మార్చి 22

నలభై కుటుంబాలు. నేను నోరు విప్పితే నలభై కుటుంబాలు. విప్పకపోతే ఒక్కటి. ఇందులో ఆలోచించడానికి ఏముంది.

మార్చి 23, ఆదివారం

ఆలోచిస్తూనే ఉన్నాను. మింగలేను, కక్కలేను. చివరికి పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కోత కత్తెరలకు సాన పడుతున్నాడు.

"బాబాయ్, చిన్నదాని సంగతిలో ఒకటి చెప్పాలి."

ఆయన సాన ఆపలేదు. "సంఘం కోసం ఆరేళ్ళు తిరిగానమ్మాయ్. కాళ్ళు అరిగిపోయాయి. ఒక్కొక్క గడపా ఎక్కి, కాయకు కాటా చూపించే రోజొస్తుందని చెబితే జనం నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నువ్వు కూడా."

"అవును బాబాయ్."

"నువ్వు చెప్పబోయేది విన్నాక నేను ఆ తనిఖీ అమ్మాయికి ఫోను చెయ్యాల్సి వస్తుందా?"

నేను తలూపాను.

"అయితే చెప్పకు" అన్నాడు. "నేను అబద్ధమాడలేను. విననిది మాత్రం ఎవరికీ చెప్పక్కర్లేదు."

లోపలికి కేకేసి నాకు మజ్జిగ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

మార్చి 25

చిన్నది మా ఇంటికి వచ్చింది. "శుక్రవారం సంఘం ముందు నిలబడమన్నారక్కా. నువ్వు పక్కనుంటావు కదా?"

"ఉండక ఎక్కడికి పోతాను" అన్నాను.

మార్చి 28, శుక్రవారం

మీటింగు అయింది.

రాయను.

మార్చి 29

నిన్న షెడ్డులో అందరూ క్రేట్లు బోర్లించుకుని కూర్చున్నారు. చిన్నది ఒక్కతే నిలబడింది. నాకు ఎప్పటిలాగే బల్ల, కుర్చీ. పక్కనుంటానన్నాను కానీ మధ్యలో బల్ల ఉంది.

కోపం ఎవరికి ఉండదు? ఒక్కరి వల్ల లారీ సరుకంతా ఆగి, మళ్ళీ పరీక్షలయ్యేదాకా అందరికీ ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. "తప్పయిందని ఒప్పుకుంటే మూడేళ్ళ తర్వాతైనా తిరిగి రానిస్తాం కదమ్మా" అన్నాడొకడు. "వడగళ్ళు పడ్డ తోటలో యాభై క్రేట్లు ఎలా వచ్చాయంటే ఇలాగ" అంది ఇంకొకామె. ఆమె గత మూడేళ్ళ పుస్తకాలూ నేను రాసినవే. అందులో ఎన్ని నిజాలో నాకు తెలుసు.

చిన్నది నా వైపు తిరిగింది.

"అక్కా, నా పుస్తకం రాసింది నువ్వే. నేనేం కొట్టానో కొట్టలేదో నువ్వే చెప్పు."

షెడ్డంతా నన్నే చూసింది. పెద్దాయన ఒక్కడు తన చేతులు చూసుకుంటున్నాడు. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నేను పుస్తకం తెరిచి ఉన్న పేజీ మీదే వేలు పెట్టాను.

"అది చెప్పింది నేను రాశాను. అంతవరకే నాకు తెలుసు" అన్నాను.

అది అబద్ధం కాదు. ఎన్నిసార్లు చదువుకున్నా అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

చిన్నది "సరే అక్కా" అంది. పుస్తకం తీసి పెద్దాయన చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 2

నలభై కుటుంబాల కోసం.

ఏప్రిల్ 3

ముప్పై తొమ్మిది.

ఏప్రిల్ 19, శనివారం

రెండో కోత. ఈ కోతలో కాయ ఎప్పుడూ తక్కువే. చిన్నదాని తోట ముందు పూలచొక్కా బండి ఆగింది. మనిషికి వయసు మళ్ళింది, చొక్కా మాత్రం మారలేదు. గట్టు ఇవతల నేను కలుపు తీస్తున్నట్టు కూర్చున్నాను. కాయ కోసి గింజలు నోట్లో వేసుకున్నాడు.

"పులుపు" అన్నాడు.

చిన్నది తలూపింది. పది బుట్టలకు మూడు పక్కకు తోశాడు. అప్పట్లో రెండే. చిన్నది దానికీ తలూపింది. బండి వెళ్ళాక ఆ మూడు బుట్టలూ చెట్ల కింద దిమ్మరించి, పాదులకు మట్టి కప్పినట్టు వాటి మీద మట్టి లాగింది. మేకలు ఇప్పుడు లేవు.

నేను లేచి వెళ్ళి రెండు బుట్టలు అందుకోవచ్చు. నాకు మోకాళ్ళ నొప్పి.

ఏప్రిల్ 30

కాటా కొత్తది వచ్చింది. ముల్లు కాదు, అంకెలు కనబడేది. అందరూ ముచ్చటపడ్డారు. నేనూ పడ్డాను.

మే 11, ఆదివారం

పొద్దున్నే నీళ్ళు పెడుతుంటే చిన్నది గట్టు మీదికి వచ్చి కూర్చుంది. నెలన్నరగా అది నాతో మాట్లాడలేదు. కాదు, నేనే దానికి ఎదురుపడలేదు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

"కాలవ తెగుతోంది చూడక్కా" అంది ముందు. నేను తెగిన చోట మట్టి వేశాను. ఏదో ఒకటి చెయ్యాలి కదా అని చాలాసేపు వేశాను.

"సంఘానికి రాసి చూస్తావా" అన్నాను. "మళ్ళీ పరీక్ష చెయ్యమని. నేను రాసిపెడతాను. మంచిగా రాస్తాను."

"ఏమని రాస్తావు?"

నేను ఇంకో పార మట్టి వేశాను.

"నా చెట్లు నాకు తెలియవా అక్కా" అంది. "వడగళ్ళు పడిన మర్నాడే చెట్టు చెట్టుకూ కాయలు లెక్కపెట్టుకున్నాను. నలభై క్రేట్లు దాటవు. నువ్వు యాభై అన్నప్పుడే అర్థమైంది."

నేను పార పక్కన పెట్టాను.

"బావగారు గట్టు పక్కన మీసాలాయన స్ప్రేయరుతో తిరగడం కూడా చూశాను. జ్వరం రాకముందు. అప్పుడు అంత పట్టించుకోలేదు. తనిఖీ అమ్మాయి పేరు చెప్పిన మందు మీసాలాయన కొట్టేదే. అప్పుడు రెండూ కలిశాయి."

"మరి మీటింగులో ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవడం లేదు, ఎండ.

"నువ్వు చెప్పవని తెలిశాక, నేను చెప్పి లాభమేముంది? అందరూ పోతారు. నిరుడు నన్ను ఆపరేషన్‌కు పంపింది వాళ్ళే కదా." గట్టు దిగి చీర దులుపుకుంది. "ప్రేమతోనే ఇచ్చావు. అది నాకు తెలుసు. ఇక మీదట మాత్రం నాకేమీ ఇవ్వకక్కా. నీకు దణ్ణం పెడతాను."

దణ్ణం పెట్టింది కూడా. నేను పెద్దదాన్ని, దీవించాలి. పార తీసుకుని కాలవ వైపు తిరిగాను.

మే 12

తోట అమ్మేస్తున్నారట. మరిది వచ్చాడు. మా ఆయన చెప్పారు, నా వైపు చూడకుండా. కొనేది మీసాలాయన.

మే 16, శుక్రవారం

షెడ్డులో కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. రాశాను. అందరూ పోయాక మా పద్నాలుగో నంబరు పుస్తకం తెరిచి ఫిబ్రవరి పేజీ తీశాను. 'సొంత స్ప్రేయరు' అని ఉంది. ముత్యాల్లాంటి రాత. కొట్టేద్దామని కలం పెట్టాను. తోట పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని రూలు. తిరిగి మూసేశాను.

జూన్ 6, శుక్రవారం

వచ్చే ఏడాదికి ఎన్ని తోట పుస్తకాలు కావాలో రాసి పంపమన్నారు. ముప్పై తొమ్మిది అని రాశాను. పెద్దాయన సంతకం పెడుతూ, "పోయినసారి ఒకటి ఎక్కువ వచ్చినట్టుంది కదమ్మాయ్, అదేమైంది?" అన్నాడు.

"ఏమో బాబాయ్, నాకు తెలియదు" అన్నాను.